రోక్‌ఫ్లోటె : ఉత్తరదేశ పురాణమునకు నూతనగానము

చిక్కడపల్లిలోని శ్రీ త్యాగరాయ గానసభకును, అశోకనగరపు విద్యార్థులు నిత్యము చేరు నగర కేంద్ర గ్రంథాలయమునకును నడుమ దూరము స్వల్పము. మొదటి చోట గానమనగా కీర్తన, పద్యము, హరికథ. రెండవ చోట పోటీపరీక్షలకు చదువుకొను యువకులు ప్రొద్దుటినుండి రాత్రివఱకు పుస్తకములపై వంగియుందురు; వారి చెవులలోని చిన్న యంత్రములందు ఏ దేశపు పాటయైనను మ్రోగుచుండవచ్చును. ఈ రెంటికిని చేరువగా, నారాయణగూడ పాఠశాలలలో తెలుగు చెప్పు పండితుడు మొదటి గానమునకు లక్షణ మెఱుగును. రెండవదానికి పేరైన నెఱుగడు. పేరెఱుగనిదానిని నింద్యమనుట సులభము, వినిన పిమ్మట నిందించుట కష్టము. అట్లు వినదగిన దొకటి యిచట విచారింపబడుచున్నది.

అది “రోక్‌ఫ్లోటె” అను గీతసంపుటము. నేటివారు దీనిని ఆల్బమందురు. జెత్రో టల్ అను ఆంగ్లదేశపు గాయకబృందము దీనిని 2023వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన వెలువరించెను. ఆ బృందము స్టూడియోలో నిర్మించిన సంపుటములలో నిది యిరువదిమూడవది. ఇందు పండ్రెండు గీతములు కలవు. రచయితయు, గాయకుడును, వేణువాదకుడును ఇయాన్ ఆండర్సన్. సంపుటము వెలువడునాటికి డెబ్బదియైదేండ్లవాడు. విషయము, ఐరోపా యుత్తరఖండమున క్రైస్తవమతవ్యాప్తికి పూర్వ మారాధింపబడిన దేవతల చరిత్రము. దానికి మూలము పదుమూడవ శతాబ్దమున చర్మపత్రములపై వ్రాయబడిన పద్యములు. కావున ప్రాచీనకావ్యపరిశోధనమునం దాసక్తిగల వారి కిది పరాయివిషయము గాదు. పురాణము నొక భాషనుండి మఱియొక భాషకు, పద్యమునుండి పాటకు కొనివచ్చునపుడు ఏది నిలుచును, ఏది జాఱిపోవును అను ప్రశ్న నన్నయనాటినుండియు తెలుగువారి ప్రశ్నయే.

బృందచరిత్రము కొంత చెప్పక తీరదు. 1967వ సంవత్సరాంతమున లూటన్ పట్టణమున గూడిన యువకులు 1968లో జెత్రో టల్ అను పేరు దాల్చిరి. ఆ పేరు వారిలో నెవ్వరిదియు గాదు. 1674లో పుట్టి 1741లో గతించిన యొక ఆంగ్లకృషీవలునిది. విత్తనములను సాళ్లలో వరుసగా జాఱవిడుచు యంత్రమును కల్పించినవాడని యాతనికి ప్రసిద్ధి. మన రైతునకు గొఱ్ఱు, జడ్డిగము క్రొత్తవి గావు. ఆ శతాబ్దము చివర హాల్కాట్ అను ఆంగ్లోద్యోగి దక్షిణదేశమున గొఱ్ఱుతో విత్తుటను కనులార చూచి, అది ఐరోపాలో నీనడుమ పుట్టిన యుపాయమని తా ననుకొనుట పొరపాటని వ్రాసికొనెను. ప్రస్తుత మది యటుండనిండు.

బృందపు తొలి సంపుటము “దిస్ వాజ్” 1968లో వచ్చెను. అది బ్లూస్ మార్గమునకు చెందినది. బ్లూస్ అమెరికాలోని ఆఫ్రికాసంతతివారి దుఃఖమునుండి పుట్టిన గానము. దాని ప్రసిద్ధరూపమున పండ్రెండు తాళఖండములు, మూడు పంక్తులు. మొదటి పంక్తియే రెండవదిగ మరల పాడబడి, మూడవపంక్తి దానికి సమాధానమై నిలుచును. గిటారువాదకుడగు మిక్ ఏబ్రహామ్స్ ఆ మార్గమునందే యుండగోరెను, ఆండర్సన్ కోరలేదు. ఆ యేటి చివర ఏబ్రహామ్స్ తొలగెను. అతని స్థానమున వచ్చిన మార్టిన్ బార్ నలువదేండ్లకు పైగా గిటారు వాయించెను. 1969లో “స్టాండ్ అప్” సంపుటమున బాఖ్ రచన యొకటి వేణువుపై వినబడెను. 1971లో “ఆక్వలంగ్”. 1972లో “థిక్ ఏజ్ ఎ బ్రిక్” అనునది నలువది నిమిషములకు పైబడిన యొకే గీతము. ముక్తకమును విడిచి ప్రబంధమును చేపట్టుటవంటి యీ దీర్ఘరచనకు ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు. 2003లో వెలువడిన క్రిస్మస్ సంపుటము తరువాత, బృందనామముతో నూతనరచనల సంపుటము 2022వ సంవత్సరము జనవరివఱకు రాలేదు. అప్పుడు వచ్చిన “ది జెలట్ జీన్”కు బైబిలువాక్యము లాధారము. మఱుసటియేడు రోక్‌ఫ్లోటె.

రెండు సంపుటములందును వృద్ధుడైన కవి ప్రాచీనగ్రంథములను తడవుచున్నాడనుట స్పష్టము. మొదటిదానియందు తనవారి మతగ్రంథమును తడవెను. రెండవదానియందు తనవారికంటె పూర్వులైన వారి దేవతలను తడవెను.

ఆ దేవతల కథలు నిలిచియున్న ముఖ్యగ్రంథము ఐస్లాండు ద్వీపమున 1270 ప్రాంతమున వ్రాయబడిన చిన్న పొత్తము. ఇప్పుడు నలువదియైదు పత్రములు మిగిలినవి. నడుమ నెనిమిది పత్రములు పోయినవి. అచటి మతాధికారి యొకడు దానిని 1662లో డెన్మార్కు రాజునకు కానుకగా పంపెను. అందువలన దానికి రాజగ్రంథమను నర్థముగల లాటిను నామము, కోడెక్స్ రెజియస్ అని, కలిగినది. మూడువందల యేండ్లకు పైగా పరదేశమున నుండి, 1971వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన నౌకపై స్వదేశమునకు తిరిగివచ్చెను. రోక్‌ఫ్లోటె వెలువడినదియు ఏప్రిల్ 21వ తేదీననే. ఇది యాదృచ్ఛికమే కావచ్చును. కాకతాళీయన్యాయమునకు మంచి యుదాహరణము. తాళపత్రగ్రంథము లేయే భవనములందు, ఏయే దేశములందు చిక్కియున్నవో వెదకుచు కాలము గడపినవారి కా మొదటి ఏప్రిల్ 21 విలువ వేఱుగ చెప్ప నక్కఱలేదు.

సంపుటనామము వ్యాకరణజ్ఞుని నిలువరించును. ఆండర్సన్ మొదట రాక్ సంగీతమున వేణువే ప్రధానముగా, మాటలులేని వాద్యసంపుటము చేయదలచెను. “రాక్ ఫ్లూట్” అను నా తలంపునకే ఉత్తరదేశభాషల వేషము వేయగా రోక్‌ఫ్లోటె యైనది. ఫ్లోటె యనగా జర్మనుభాషలో వేణువు. రోక్ అనునది ఆ ప్రాచీనభాషలో గతి, కారణము, నియతి యను నర్థములు గలది. ఆ దేవతల యంత్యయుద్ధమునకు రగ్నరోక్ అని పేరు. దేవతల నియతి యని విగ్రహము. దీనికి మిక్కిలి దగ్గఱగా ధ్వనించు మఱియొక పదము, చీకటి యను నర్థము గలది, ఆ భాషలో కలదు. గోథిక్ భాషయందు రిక్విస్, గ్రీకున ఎరెబస్, సంస్కృతమున రజస్ అనునవి దాని జ్ఞాతులు. స్నోరి స్టుర్లుసన్ తన వచనగ్రంథమున నియతి కి బదులు చీకటిని వ్రాసెను. ఆ యొక్క పాఠభేదమునుండియే దేవతల సంధ్యాంధకారమను భావము పుట్టి, పందొమ్మిదవ శతాబ్దమున వాగ్నర్ సంగీతనాటకమునకు నామమై లోకప్రసిద్ధమయ్యెను. ఆండర్సన్ తన పేరునకు నియతివాచకమునే గ్రహించెను. పాఠనిర్ణయమున గాయకుడు పండితుని పక్షమున నిలుచుట అరుదు. ఆ మాత్రమునకు మెచ్చుకొనవలెను.

మొదటి గీతము పేరు “వోలుస్పో”. వోల్వ యనగా భవిష్యము చెప్పు స్త్రీ, మన యెఱుకతవంటిది. ఆమె పలికిన పలుకు వోలుస్పో. నేడు ఐస్లాండువారు చివరి యచ్చును వేఱుగ పలికి వేఱుగ వ్రాయుదురు. ఓకారము నంటు ధ్వని ప్రాచీనము. ఉకారము పరమగునపుడు పూర్వమందలి అచ్చు పెదవులవైపు జరుగుట యా భాషలో నొక నియమము. ఆ యుకారము లోపించిన తరువాతను మాఱిన యచ్చు మిగిలినది. కత్తి శబ్దము బహువచనమున కత్తులైనపుడు ఇకారము ఉకార మగుటను నేర్పు బడిపంతులునకు ఈ నియమ మర్థమగుట కష్టము కాదు. ఈ గీతమునందును, చివరి గీతమునందును, ఐస్లాండు దేశీయురాలగు ఉన్నుర్ బిర్నా కంఠమున ప్రాచీనభాష వినబడును. పాడుటకంటె పలుకుటయే యచట నెక్కువ.

ఇచట సంపుటమునకు గల ప్రధానగుణమును ప్రధానదోషమును ఒక్కచోటనే తెలియవచ్చును. దానికి ఛందస్సు కొంత చెప్పవలెను.

ఆ ప్రాచీనపద్యమున పాదము రెండు ఖండములుగా విఱుగును. రెండవ ఖండమున నూనికగల మొదటి పదముయొక్క మొదటిధ్వని, మొదటి ఖండమున నూనికగల పదముల మొదటిధ్వనితో కలియవలెను. ఇది యతి కాక మఱేమి? స్థాన మక్షరగణనచే గాక ఊనికచే నిర్ణీతమగుట మాత్రమే భేదము. మనకువలెనే వారికిని అచ్చులకు మైత్రి కలదు. మనకు అచ్చులు వర్గములుగా విభక్తములు, వారి కచ్చులన్నియు పరస్పరమిత్రములు. సంయుక్తాక్షరములందు మాత్రము వారు మనకంటె కఠినులు. మనకు సంయుక్తమం దే హల్లునకు యతి వేసినను చెల్లును. వారికి స్ప, స్త, స్క అనునవి తమతమ సంయుక్తములతోనే కలియవలెను గాని కేవలసకారముతో కలియరాదు. ఈ నియమముల కాధారమైన వృత్తములను లక్ష్యలక్షణసమన్వితముగ నూటరెండు పద్యములలో చూపినవాడు పైన చెప్పిన స్నోరియే. అనగా వారి అప్పకవి. ఆ స్నోరి 1241లో రాజకీయవైరమున హతుడయ్యెను. లాక్షణికుల కిట్టి మరణము తెలుగుదేశమున విననిది.

ఉన్నుర్ బిర్నా పలుకుచుండగా ఆ యతి చెవికి తగులును. భాష తెలియని వానికిని తగులును. ఏలయన, అది చెవికొఱకే పుట్టినది. ఆండర్సన్ ఆంగ్లగీతములు మొదలుకాగానే ఆ తాకిడి లోపించి అంత్యప్రాస వచ్చును. ఆంగ్లగీతములకు చిరపరిచితమైన యలంకారమే; తప్పనరాదు. కాని కథ వచ్చెను, ఛందస్సు రాలేదు. నన్నయ భారతమును తెచ్చునపుడు సంస్కృతవృత్తములను తెచ్చెను. తెచ్చినవానికి సంస్కృతమున నియతములు గాని యక్షరయతిప్రాసలను తెలుగునకు విధిగ చేర్చెను. మూలము నిచ్చినదానికంటె నెక్కువ బిగువు తెలుగున నేర్పడెను. ఇచట మూలమునకు గల బిగువు సడలినది. ప్రాచీనాంగ్లకవిత్వమునకును ఇదే యతి కలదను మాట తలచినచో లోటు మఱింత స్పష్టము. తన పూర్వులసొత్తునే గాయకుడు గైకొనక విడిచెను. సంపుటమునకు ముందును వెనుకను ద్వారపాలికవలె నిలిచిన యా స్త్రీకంఠము, లోపలి గీతములు దేనిని కోల్పోయినవో తెలుపు సాక్షిగ కూడ నిలిచినది.

రెండవ గీతము “గిన్నుంగగాప్”. సృష్టికి పూర్వమున్న మహాశూన్యమునకది పేరు. ఆ శూన్యమున మంచునుండి యిమిర్ అను మహాకాయుడు పుట్టెను. దేవతలు వానిని చంపి దేహమున భూమిని, రక్తమున సముద్రమును, ఎముకలచే కొండలను, కపాలముచే నాకాశమును చేసిరి. ఋగ్వేదము దశమమండలమందలి 129వ సూక్తము నాసదీయము, 90వది పురుషసూక్తము. ఆ రెంటిని చదివినవాడు ఈ కథయందు బంధువుల యింటి కేగినట్లు తిరుగును. ఇమిర్ శబ్దమును యమశబ్దముతో కలిపి, రెంటికిని కవలవాడను మూలార్థము చెప్పు భాషాశాస్త్రజ్ఞులు కలరు. ఈ గీతమున వాద్యములు శూన్యమును చూపుటకై మౌనమును పాటింపలేదు; మొదటినుండియు గట్టిగనే నడచును. శూన్యమును నాదముతో నింపినవానిపై ఆక్షేపణము చేయవచ్చును గాని, పాడక శూన్యమును పాడు టెట్లు?

ఈ పండ్రెండు గీతముల నిర్మాణమున ముఖ్యమైన సూత్ర మొకటి కలదు. గీతపు మొదటి భాగమున దేవతాస్వరూపవర్ణనము. రెండవభాగమున నేటి మానవలోకమున దానికి సాటివచ్చు విషయము. అలంకారశాస్త్రభాషలో చెప్పినచో పూర్వార్ధ ముపమానము, ఉత్తరార్ధ ముపమేయము. కావున ప్రతిగీతమును అడుగదగిన ప్రశ్న యొక్కటియే: సాధారణధర్మ మేది?

“ది నేవిగేటర్స్” అను గీతమున ధర్మము స్పష్టము. దాని దేవత న్యోర్డ్. సముద్రమునకు, గాలికి, ఓడలకు, ఓడలవలన వచ్చు సంపదకు నధిపతి. ఆతని భార్య పర్వతవాసిని. ఆయన కడలిని విడువలేడు, ఆమె కొండను విడువలేదు. ఆయనకు తోడేళ్ల యూళయు, ఆమెకు సముద్రపక్షుల యఱపును నిద్ర పట్టనీయవు. పురాణకవులకు దంపతుల కలహ మేదేశమున నైనను ప్రియమే. నాడు కడలి దాటినవానికిని నేడు దాటువానికిని భయ మొక్కటే, ఆశ యొక్కటే. ఉపమ తనంత తాను కుదిరినది. వేణువునందు అలలు లేచి పడినట్లు వరుసలు నడచును. సంపుటమున నుత్తమగీతములలో నిది యొకటి.

“హామర్ ఆన్ హామర్” అట్టిది గాదు. థోర్ ఉఱుముల దేవుడు. ఆయన సుత్తి మన యింద్రుని వజ్రమునకు తోబుట్టువు. ఆ సుత్తి రాక్షసులనుండి దేవలోకమును కాపాడును, వివాహమును పవిత్రము చేయును. గీతపు టుత్తరార్ధమున సుత్తి, పూర్వపు సోవియట్ పతాకమున నున్న సుత్తిని, 2022లో ఉక్రెయినుపై మొదలైన రష్యాదండయాత్రను స్ఫురింపజేయును. రెంటికిని సుత్తి శబ్దము సమానము. ధర్మము సమానము గాదు. ఒకటి రక్షణాయుధము, రెండవది యాక్రమణచిహ్నము. ఇది ఉపమ గాదు, శ్లేష. శ్లేషలోను అర్థమంటని శబ్దశ్లేష. కోప మున్నచోట కవులు శబ్దమునకు లొంగుట కలదు. ఆ కోపము న్యాయ్యమేయైనను గీతము నది రక్షింపలేదు.

ఈ పూర్వోత్తరార్ధపద్ధతి తెలుగువారికి క్రొత్తగాదు. గానసభలో హరికథ వినినవారి కిది సుపరిచితము. కథకుడు గజేంద్రుని మడుగులోనికి దింపి, మొసలి కాలు పట్టగానే కథ నాపి, ఊరిలోని వడ్డీవ్యాపారి మాట యెత్తుకొనును, సభ నవ్వును, నవ్వు సద్దుమణుగకముందే మరల మడుగునకు వచ్చును. 1864 నుండి 1945 వఱకు జీవించి హరికథకు పితామహుడని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసు మార్గమున నడచిన కథకులందఱును పిట్టకథకు పోవుటకంటె తిరిగివచ్చుటయందే తమ నేర్పును చూపిరి. ఆండర్సన్ గీతములందు పోవుట కలదు, తిరిగివచ్చుట కొఱత. దేవత నేటి లోకమునకు దారిచూపి తొలగిపోవును. మాటలలో తొలగినవాని నెవరు మరల పిలుచుచున్నారు? పెక్కుగీతములందు వేణువే. మొదట వినబడిన స్వరపంక్తి చివర వినబడినపుడు, మాటలు విడిచిన దేవుడు రాగమున తిరిగివచ్చిన ట్లుండును. మొదట తలపెట్టినది మాటలులేని వేణుసంపుటమని పైన చెప్పబడెను. ఆ తొలిసంకల్పము నశింపక గీతములయడుగున ప్రవహించుచున్నది. మాటలు ద్వేధా చీలినచోట వేణువు కుట్టుపని చేయుచున్నది. ఈ సంపుటమున పురాణమును మోసినది వేణువు. వాక్కు దానికి వ్యాఖ్య.

“ది పర్‌ఫెక్ట్ వన్”, “ట్రిక్‌స్టర్” అనునవి జంటగీతములు. మొదటిదానికి బాల్డర్, రెండవదానికి లోకి నాయకులు. బాల్డర్ నిర్దోషి, సర్వప్రియుడు. వాని తల్లి యగ్ని, జలము, లోహము, శిల, వృక్షము, రోగము, మృగము, సర్పము మొదలగు సమస్తముచేతను వాని కపకారము చేయమని ప్రమాణము చేయించెను. బదనిక నొక్కదానిని, అది మిక్కిలి చిన్నదని విడిచెను. వంచకుడైన లోకి ఆ బదనికపుల్లను గ్రుడ్డివాడగు దేవుని చేతికిచ్చి విసరించెను, బాల్డర్ పడిపోయెను. హిరణ్యకశిపుని వరమును, అందలి సందును పిల్లలకు చెప్పు పండితుడు ఈ కథను విని తల యూపును. పట్టిక యెంత పొడవైన నంత తప్పిపోవుట కవకాశము. భేద మొక్కటి కలదు: అచట సందు దుష్టుని చంపెను, ఇచట శిష్టుని చంపెను. అందువలన వారి కథ విషాదమైనది. పాపము చేసినవాడు తరువాత పాడుట, చంపబడినవాడు ముందు పాడబడుట యను క్రమము మంచి కథాక్రమము. బ్రాకెట్లలో “బదనికయును” అని లోకి గీతనామమునకు తోకగా చేర్చుటయు చమత్కారమే, తోకలోనే విషమున్నది.

“వుల్ఫ్ అన్‌చెయిన్‌డ్” ఫెన్రిర్ అను తోడేలునకు సంబంధించినది. దానిని కట్టుటకు ఇనుపగొలుసులు చాలకపోగా, ఆఱు వస్తువులతో పట్టుత్రాడు పేనిరి: పిల్లి యడుగుల చప్పుడు, స్త్రీ గడ్డము, కొండ వేళ్లు, ఎలుగుబంటి నరములు, చేప యూపిరి, పక్షి యుమ్మి. కుందేటికొమ్మును, గొడ్రాలిబిడ్డను, గగనకుసుమమును వినినవారు నవ్వుకొందురు. మన తార్కికులు వానిని అసత్తున కుదాహరణములుగా వాడిరి. వా రసత్తుతో త్రాడు పేని లోకమును మ్రింగవచ్చిన జంతువును కట్టిరి. అప్పటినుండి యావస్తువులు లోకమున లేవనియు చెప్పిరి. ఇంతటి యూహ మన పురాణములందును అరుదు. కట్టునపుడు నమ్మకమునకై తన చేయి తోడేలునోట నుంచి కోల్పోయిన దేవుడు టీర్. ఆ పేరు మన దేవశబ్దమునకు జ్ఞాతి. గీతమునకు పేరు మాత్రము బంధముమీద గాక విమోచనముమీద పెట్టబడెను. సంపుటమందలి కఱకుగీతములలో నిది యొకటి. గిటారువాదకుడు జో పారిష్-జేమ్స్ దీనియందు తన యునికిని తెలుపును. కాని కఱకుదనముకంటె ఆ మెత్తని త్రాడే చిత్రమైనదని తెలిసినవారికి కొంత యసంతృప్తి మిగులును.

“ఆల్‌ఫాదర్”, “ది ఫెదర్డ్ కాన్సార్ట్”, “గార్డియన్స్ వాచ్” అను గీతములు వినుటకు బాగుగనే యుండి తలపున నిలువవు. “కార్నుకోపియా” విషయమున నొక మాట. యౌవనఫలములను కాపాడు ఇదున్ దేవత కీ పేరు తగదు. ఇది లాటినుపదము, గ్రీకుల మేకకొమ్ముకథకు చెందినది. ఉత్తరదేశపు ముత్తైదువకు రోమకనగరపు నగ పెట్టినట్లున్నది.

గాత్రము గుఱించి యాక్షేపించువారు కలరు. ఆక్షేపణ సత్యమే. 1980ల నడుమనుండియు ఆండర్సన్ కంఠము దెబ్బతినియున్నది. శ్వాసకోశవ్యాధి తనకు కలదని 2020లో ఆయనయే ప్రకటించెను. తారస్థాయి పోయినది. ఈ గీతములన్నియు మధ్యస్థాయియందే, కొద్దిస్వరముల మధ్యనే, ఇంచుమించు పద్యపఠనమువలె నడచును. కాని గానసభలో వృద్ధవిద్వాంసుని వినువారు తారస్థాయిని వెదకరు. పదము విఱుపును, అక్షరము పలుకుబడిని, ఊపిరి నాపుకొను చోటును చూతురు. ఆ పరీక్షయం దీ గాయకుడు నెగ్గును. మన పద్యనాటకములందు రాగము పెరిగి యక్షరమును మ్రింగిన కాలమొకటి యుండెను. ఇచట ఒక్క హల్లయినను చెడలేదు. పురాణమును చెప్పువానికి కావలసిన దదియే. వ్యాధి తీసివేసినదానిని నిర్మాణములోనికి మలచుకొనుట యిచటి నేర్పు.

వేణువు మాట వేఱు. 1967లో ఆండర్సన్ తన విద్యుద్గిటారు నిచ్చివేసి వేణువును, మైక్రోఫోనును తెచ్చుకొనెను. గురువు లేడు. అమెరికా జాజ్ వాదకుడగు రోలండ్ కర్క్ రచన నొకదానిని తొలిసంపుటమున వాయించెను. ఊదుచు గొంతుతో గుఱగుఱలాడు పద్ధతిని తనదిగా చేసికొనెను. ఒంటికాలిపై నిలిచి వాయించుటవలన వానిచిత్రము లోకమంతట వ్యాపించెను; మన త్రిభంగిమురళీధరుని చూచినవారికది యొకింత వింతయు, ఒకింత పరిచితమును. నడివయసున, బడిలో వేణువు నేర్చుకొనుచున్న కూతురు తండ్రి వ్రేళ్లు తప్పుగా పెట్టుచున్నాడని చెప్పగా, అంతటి పేరు గడించినవాడు మరల మొదటినుండి వ్రేలిస్థానములను నేర్చుకొనెను. అపశబ్దమును దిద్దుకొనుట కేవయసైనను తగునని శిష్యులకు చెప్పువారు ఈ కథను గుర్తుంచుకొనవచ్చును. రోక్‌ఫ్లోటెయందలి వేణునాద మట్లు రెండుమాఱులు నేర్చిన విద్య. బ్లూస్ ఈ సంపుటమున పేరునకును మిగులలేదు. మిగిలినది ఆ గుఱగుఱయందే, ఊపిరికిని గొంతుకును నడుమ.

మార్టిన్ బార్ లేని జెత్రో టల్ జెత్రో టల్ గాదని పాతశ్రోతలు కొందఱందురు. పేరు సంస్థదా, వ్యక్తిదా యను నీ వివాదము మన కృతికర్తృత్వవివాదములవంటిదే. పేరును వదలి కృతిని విన్నచో, డేవిడ్ గుడియర్ మంద్రగిటారును, జాన్ ఓహారా కీబోర్డును, స్కాట్ హామండ్ డోళ్లును ఆండర్సన్ మాట కడ్డురాక నడుపుట తెలియును. వారు ప్రౌఢులు. ప్రౌఢత యెక్కువై కొన్నిచోట్ల సాహసము తగ్గినది. 1972నాటి దీర్ఘగీతమున నున్న మలుపులు, చిలిపితనము ఇందు లేవు. గీతము లించుమించు సమానపరిమాణములై, ఒకే యచ్చున పోసిన యిటుకలవలె కొంతసేపటికి తోచును. దేవతకొక గీత మను పద్ధతియే యిందులకు కారణము. పురాణమున దేవతలు వరుసగ నిలువరు. ఒకరికథలో నొకరు చొఱబడి కలహింతురు. బాల్డర్, లోకి గీతములను విడిచినచో ఆ చొఱబాటు ఈ సంపుటమున తక్కువ.

చివరి గీతము “ఇథావోల్”. అంత్యయుద్ధము ముగిసి, భూమి కడలిలో మునిగి, మరల పచ్చగా పైకి లేచును. మిగిలిన దేవతలు ఇథావోల్ అను మైదానమున చేరుదురు, జరిగినవానిని తలచుకొందురు. అచట గడ్డిలో, పూర్వము తమ రాజ్యమున్ననాడు తామాడుకొనిన బంగారుపిక్కలు దొరకును. బాల్డర్ తిరిగివచ్చును, వానిని చంపిన గ్రుడ్డిసోదరుడును వచ్చును. ఇద్దఱు నొకేయింట నుందురు. సభాపర్వమునందలి పాచికలు రాజ్యమును పోగొట్టినవి. ఈ పిక్కలు పోయిన రాజ్యమున మిగిలినవి. ఇచట ఆండర్సన్ కంఠము మఱింత తగ్గి, మాటలు మఱింత తక్కువై, వేణువు ముందునకు వచ్చును. దానివెనుక ఉన్నుర్ బిర్నా మరల ఆ ప్రాచీనభాషను పలుకును. అంత్యప్రాస పోయి, పాదముల నడుమ ఆ పాతయతి యొక్కొక్కటిగ తగులుచుండగా సంపుటము ముగియును.